కొమ్ముపొర

పద్నాలుగో నంబరు మేక గోడ దూకిన రోజున వెంగమ్మ దాని వెంట అర కిలోమీటరు పరుగెత్తింది. పరిశోధన కేంద్రం వెనకున్న దొడ్డికి నడుమెత్తు గోడ ఉంది. ఆ గోడ దాటి, కంకర బాట దాటి, కంపచెట్లలో దూరిన మేకను మెడతాడు పట్టి లాక్కొస్తూ ఆమె సగం దారిలో ఆగిపోయింది. అది దూకింది వెనక కుడికాలి మీద బరువు మోపి. ఆ కాలి ఎముకలోంచి రెండంగుళాల ముక్కను డాక్టర్ సైదాబీ కోసి తీసేసి అప్పటికి డెబ్భై రెండు రోజులే అయింది.

"మేడం, ఇది గోడ దూకింది," అంది వెంగమ్మ ప్రయోగశాల కిటికీ దగ్గర నిలబడి రొప్పుతూ.

"ఏది?"

"పద్నాలుగు."

సైదాబీ చేతి తొడుగులు కూడా విప్పకుండా బయటికి వచ్చింది. ఎండలో, మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని మేక కాలిని పైనుంచి కిందికి వేళ్ళతో నొక్కి చూసింది. మేక నొప్పికి అరవలేదు. తల తిప్పి ఆమె తెల్లకోటు గుండీ నమలబోయింది. సైదాబీ దాన్ని తోసెయ్యలేదు. కాసేపలా కూర్చుండిపోయి, "ఇంకోసారి దూకిద్దామా?" అంది చిన్నపిల్లలాగా.

ఆ కేంద్రం మార్కాపురానికి పడమరగా, నల్లమల అంచున ఉంది. అడవిలో దెబ్బ తగిలిన దుప్పుల్ని అక్కడికి తెచ్చి బాగు చేసేవారు. వాటికీ, ప్రయోగాల మేకలకూ మేత వెయ్యడం, దొడ్లు ఊడవడం వెంగమ్మ పని. ఎనిమిదేళ్ళుగా అదే పని. దుప్పుల దొడ్డిలో ఏటా రాలిన కొమ్ములు ఏరి మూల పోగు వేసేది ఆమే. దుప్పి కొమ్ము గేదె కొమ్ములాంటిది కాదనీ, అది అచ్చంగా ఎముకేననీ, మూరెడు ఎముక రాలిపోయి మళ్ళీ కొన్ని నెలల్లో దానంతటదే మొలుస్తుందనీ సైదాబీ ఒకసారి ఆమెకు చెప్పింది. ఆ శక్తంతా దుప్పి నుదుటి మీద రూపాయి బిళ్ళంత చోట, ఎముకను అంటిపెట్టుకున్న ఒక పల్చటి పొరలో ఉంటుందట. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టి పశువుల డాక్టరైన సైదాబీ పన్నెండేళ్ళుగా ఆ పొర వెంటే పడింది. దాన్ని గాజు పళ్ళెంలో పెంచి, వేరే శరీరం పరాయిదని తరిమెయ్యకుండా మార్చి, ఎముక పోయిన చోట బీడీ చుట్టినట్టు చుట్టింది. వెంగమ్మ దానికి కొమ్ముపొర అని పేరు పెట్టింది. ఆ పేరే సైదాబీ నోట్సులోకి కూడా ఎక్కింది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ వెంగమ్మ ఆలోచించింది మేక గురించి కాదు.

ఆమె భర్త మాలకొండయ్య పలకల క్వారీలో పనిచేసేవాడు. ఏడు నెలల కిందట పైనుంచి ఒక రాతిపొర జారి అతని ఎడమకాలి మీద పడింది. మోకాలి కింద నాలుగంగుళాల ఎముక నుజ్జయి, చీము పట్టి, రెండు ఆపరేషన్లలో ముక్కలు ముక్కలుగా పోయింది. ఇప్పుడా కాలి చుట్టూ ఇనప కడియాలు, వాటిలోంచి ఎముకలోకి దిగిన కమ్మీలు. వరండాలో నులకమంచం మీద ఆ కాలిని దిండు మీద పెట్టుకుని, పక్కింటి రేడియో పాటకు రెండు చెక్కలు టకటకలాడించుకుంటూ కూర్చునేవాడు. చుట్టుపక్కల పది ఊళ్ళలో చెక్కభజన గురువంటే అతనే. చెక్కలు మోగిస్తూ ఒంటికాలి మీద గిర్రున తిరిగి మనిషెత్తు ఎగిరేవాడు. నలభై మూడేళ్ళ వయసులో అలా ఎగిరే మనిషిని చూడ్డానికే జనం శివరాత్రి తిరునాళ్ళకు వచ్చేవారు.

"ఇయ్యాల ఏంది, అంత ఆయాసపడతా వచ్చినావు?" అన్నాడు.

"మేక గోడ దూకింది మామా," అంది వెంగమ్మ. ఇంకేమీ చెప్పలేదు.

పదిహేను రోజుల తర్వాత ఒంగోలు ఆసుపత్రిలో డాక్టర్లు చీము పైకి పాకుతోందనీ, రెండు నెలల్లోగా మోకాలి కింద తీసెయ్యకపోతే మోకాలు కూడా దక్కదనీ చెప్పారు. మర్నాడు పొద్దున్నే వెంగమ్మ మేకలకు మేత వెయ్యకుండా నేరుగా సైదాబీ గదిలోకి పోయింది.

"మేడం, మా ఆయనకు పెట్టండి ఆ పొర."

మనుషుల మీద ప్రయోగానికి అనుమతి వచ్చింది, ఆరుగురికి. సైదాబీతో చెయ్యి కలిపిన ఎముకల సర్జన్ కూడా సిద్ధంగా ఉన్నాడు. కానీ ఆమె వచ్చే జూన్ దాకా ఆగాలనుకుంది.

"మేకలకి పెట్టి మూడు నెలలే అయింది వెంగమ్మా. ఏడాది నిండనీ. దుప్పి లెక్క ఏడాది లెక్క. ఏడాది తిరిగాక ఏం జరుగుతుందో నాకు తెలీదు."

"ఎలకల్లో రెండేళ్ళు చూసినానన్నారు కదా."

"చూశాను. వాటికేం కాలేదు. అయినా ఎలక మేక కాదు, మేక మనిషి కాదు."

"జూన్ నాటికి పొర ఉంటది, మీరుంటారు. ఆయనకు కాలు ఉండదు," అంది వెంగమ్మ. ఏడవలేదు. గుమ్మంలో చతికిలబడి కూర్చుంది. "మీరు సరేననేదాకా నేను లేవను. మేకలు అరవనీ."

మేకలు నిజంగానే అరిచాయి. పదకొండు గంటలకు సైదాబీ ఫోన్ తీసింది.

అక్టోబరు చివరి వారంలో ఆరుగురికీ వరసగా ఆపరేషన్లు జరిగాయి. చీము పట్టిన చోటంతా శుభ్రం చేసి, ఖాళీ చుట్టూ కొమ్ముపొర చుట్టి కుట్టారు. మొదటి పది రోజులు మాలకొండయ్య కాలు పొయ్యి మీద పెట్టిన గిన్నెలా వెచ్చగా ఉండేది. తర్వాత లోపల దురద మొదలైంది, గోకడానికి చెయ్యి అందని దురద. నలభయ్యో రోజు ఎక్స్‌రేలో ఖాళీ ఉన్నచోట తెల్లటి మబ్బులాంటిది కనిపించింది. డెబ్భయ్యో రోజుకు ఆ మబ్బు ఎముకైంది. ఇనప కడియాలు విప్పేశారు. కాలు పక్క కాలి కంటే వేలి మందాన పొట్టిగా వచ్చింది. చెప్పులో అట్టముక్క పెట్టుకుని నడిచాడు.

శివరాత్రి నాడు వెంగమ్మ తిరునాళ్ళలో జనం మధ్య నిలబడి చూసింది. ఇరవైమంది గుండ్రంగా తిరుగుతున్నారు, కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు. మధ్యలో మాలకొండయ్య. మొదట నెమ్మదిగా అడుగులేశాడు. మూడో పాటకు ఊపు వచ్చింది. ఎడమకాలి మీద తిరిగి ఎగిరాడు. మునుపటంత ఎత్తు కాదు. జనం ఈల వేశారు. వెంగమ్మ మాత్రం అతను కిందికి దిగే కాలినే చూసింది. దిగింది, నిలిచింది. పక్కనున్న ఎవరో ముసలామె, "ఎవరమ్మా ఆ మనిషి?" అని అడిగితే, "మా ఇంటాయన," అంది. ఆ మాట అన్నాకే ఆమెకు ఏడుపొచ్చింది.

జూన్ మొదటి వారంలో పద్నాలుగో నంబరు మేక తన కాలిని గుంజకు రాయడం మొదలుపెట్టింది.

గోమారి పురుగు పట్టిందేమోనని వెంగమ్మ వేపాకు నీళ్ళతో కడిగింది. మర్నాడు కూడా రాస్తూనే ఉంది. మేకలు ఒళ్ళు రాసుకుంటాయి, కానీ అలా కాదు. ఒకే చోట, మెల్లగా, పట్టుదలగా. ఆ రాయడం ఎక్కడో చూసినట్టనిపించింది ఆమెకు. బకెట్టు కింద పెట్టి పక్క దొడ్డిలోకి చూసింది. ముసలి మగదుప్పి చెట్టు మొదలుకు తల ఆనించి కొమ్ము రాస్తోంది, అచ్చం అలాగే. ఇంకో వారానికి దాని కొమ్ములు రాలిపోతాయని ఎనిమిదేళ్ళ అనుభవం ఆమెకు చెప్పింది.

వెంగమ్మ బకెట్టు అక్కడే వదిలేసింది. పరుగెత్తలేదు. నడిచే పోయి సైదాబీతో చెప్పింది. ఇద్దరూ దొడ్డిలో నిలబడి ఆ మేకను చూశారు. సైదాబీ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది.

నాలుగో రోజు మేక ఆ కాలు పైకెత్తి నిలబడింది. ఎక్స్‌రే తీస్తే కొమ్ముపొర పెంచిన ఎముక రెండు కొసలా గీత గీసినట్టు విడిపోయి ఉంది. రక్తం లేదు, చీము లేదు. పండిన కాయ తొడిమ నుంచి ఊడినట్టు. నెలాఖరుకు మిగతా మేకలన్నీ అదే దారి పట్టాయి.

జూలైలో సైదాబీ ఆ ఆరుగురినీ, వాళ్ళ ఇంటివాళ్ళనూ కేంద్రంలోని మీటింగు హాలుకు పిలిపించింది. ఆమె ఢిల్లీలో ఇవ్వాల్సిన ఉపన్యాసం అప్పటికే మానుకుంది. కొత్తవాళ్ళకు పొర పెట్టొద్దని కేంద్రం పెద్దలు ఉత్తర్వు కూడా ఇచ్చారు. ఆమె మేక ఎక్స్‌రేలు గోడ మీద చూపించి, ఏదీ దాచకుండా చెప్పింది.

"దుప్పి ఏడాదికోసారి కొమ్ము రాలుస్తుంది. మీ కాలికి చుట్టిన పొరకి ఆ అలవాటు పోలేదు. అక్టోబరులో మీ ఎముక కూడా రాలుతుందని అనుకోవాలి."

ఇద్దరు ముగ్గురు వంగి తమ కాళ్ళు తడుముకున్నారు.

"మళ్ళీ మొలుస్తదా?" అని అడిగాడు మాలకొండయ్య.

"మేకల్లో మొలుస్తోంది. పొర చావలేదు. ఇరవై రోజుల్లోనే సగం వచ్చింది. కానీ ఇది ఒక్కసారితో పోదు. ఏటా రాలిన ముక్క తియ్యడానికి ఓ చిన్న ఆపరేషన్, ఏటా రెండు నెలలు మంచం. వద్దనుకుంటే పొర తీసేస్తాం. తీసేస్తే కాలు నిలవదు." ఆమె గోడ దగ్గరి నుంచి వాళ్ళ ముందుకు వచ్చింది. "మేకల్లో ఏడాది చూడకుండా మీకు పెట్టాను. తప్పు నాది. ఇంకెవరిదీ కాదు."

వెనక వరసలో వెంగమ్మ లేచి నిలబడింది. తను లేస్తానని ఆమెకే తెలియదు.

"మేడం ఆగుదామన్నారు," అంది. "వచ్చే జూన్ దాకా ఆగాలని ముందే చెప్పినారు. ఆగనియ్యంది నేను. ఆ గుమ్మంలో కూర్చుని లేవలా. మీ అందరికీ ఆత్రంగా జరిగింది నా వల్లే."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. మాలకొండయ్య తల కూడా తిరిగింది. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు.

ముందు వరసలో సుగుణ అనే ముప్పై ఏళ్ళామె ఉంది. గిద్దలూరు డిపోలో బస్సు కండక్టరు. ఆమె కూడా లేచింది. "నా దగ్గరికి కాయితం వచ్చినప్పుడు నేను చదివే సంతకం పెట్టినాను. ఏడాది చూడలేదని అందులో రాసే ఉండాది. నా గుమ్మంలో ఎవరూ కూర్చోలా," అంది వెంగమ్మతో. తర్వాత సైదాబీ వైపు తిరిగింది. "మేడం, నాకిద్దరు చిన్నపిల్లలు. ఏటా రెండు నెలలు మంచంలో ఉంటే వాళ్ళనెవరు చూస్తారు? నా డ్యూటీ ఏమవుతది? నాది తీసెయ్యండి. పెట్టుడు కాలైతే రోజూ ఒకే మాదిరి ఉంటది."

సైదాబీ తల ఊపింది. కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళజోడు తీసింది.

అందరూ వెళ్ళాక ఆమె వెంగమ్మను ఆపింది. "ఎందుకు చెప్పావు? అవసరం లేదు కదా."

"మీరొక్కరే మోస్తుంటే చూడలేకపోయినా."

"నువ్వు అడిగావు. చేసింది నేను. అడగడం తప్పు కాదు వెంగమ్మా."

ఇంటికి పోయే ఆటోలో మాలకొండయ్య డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అన్నం తిన్నాడు, చెక్కలు ముట్టుకోలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం వరండాలో కూర్చుని అన్నాడు: "ఆ పొద్దు నన్నడగలా నువ్వు."

"అడిగుంటే ఏమనేవాడివి?"

"నాకు తెలవదు. అడిగుంటే తెలిసేది."

"తప్పే మామా," అంది. అతను లేచి లోపలికి పోయాడు.

మూడో రోజు ఆమె మేకలకు నీళ్ళు పెడుతుంటే మాలకొండయ్య కేంద్రం గేటు దగ్గర ఆటో దిగాడు. ఆమెను చూసి చూడనట్టే నేరుగా మేకల దొడ్డిలోకి పోయి, పద్నాలుగో నంబరు మేక పక్కన నేల మీద కూర్చున్నాడు. వెంగమ్మ బయటే నిలబడింది. లోపలికి పోవాలనిపించినా పోలేదు. అతను మేక మెడ నిమిరాడు. కట్టు మీద నుంచే దాని కాలు పట్టుకుని చాలాసేపు అలా ఉంచాడు. తర్వాత లేచి సైదాబీ గదిలోకి పోయి అరగంట కూర్చున్నాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో వెంగమ్మకు వినిపించలేదు. బయటికొచ్చాక ఆమె దగ్గరికి వచ్చి ఆగాడు.

"వేడిగా ఉండాది దాని కాలు," అన్నాడు. "మన కోడిపిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు ఉంటదే, అట్టా."

"ఏమన్నావు మేడంతో?"

"పది నెలలు నా కాలి మీద నేను నడుస్తా, రెండు నెలలు పండుకుంటా అన్నా. క్వారీ పని ఎట్టాగూ లేదు. పిల్లోళ్ళకు భజన నేర్పడానికి నోరుంటే చాలు." ఆమె చేతిలోని బకెట్టు అందుకున్నాడు. "ఈసారి నేనే చెప్పినా. నువ్వు చెప్పలా."

"నేను చెప్పలా," అంది వెంగమ్మ.

సుగుణ కాలు ఆగస్టులో తీసేశారు. మిగతా అయిదుగురూ ఉంచుకున్నారు. సెప్టెంబరు నుంచి వారానికోసారి ఎక్స్‌రే. అక్టోబరు మొదట్లో ఎముక కొసల్లో సన్నటి నల్లగీత కనిపించగానే అయిదుగురినీ కేంద్రం పక్కనే ఒక గదిలో మంచాలు వేసి పడుకోబెట్టారు. పద్దెనిమిదో తేదీ ఉదయం పది గంటలప్పుడు వెంగమ్మ మేత పని ముగించి చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. మాలకొండయ్య పైకప్పు కేసి చూస్తున్నాడు.

"కదులుతోంది," అన్నాడు. "చిన్నప్పుడు పాలపన్ను కదిలితే నాలికతో తోస్తామే, అట్టా ఉండాది."

"నొప్పా?"

"నొప్పి కాదు. తెలుస్తా ఉండాది, అంతే."

ఆ మధ్యాహ్నమే చిన్న గాటు పెట్టి రాలిన ముక్కను తీశారు. సైదాబీ దాన్ని కడిగి, స్టీలు పళ్ళెంలో పెట్టి తెచ్చి అతనికి చూపించింది. చూపుడువేలంత పొడవు, బూడిద కలిసిన తెలుపు. రెండు కొసలూ రవ్వలు రవ్వలుగా ఉన్నాయి, రాలిన కొమ్ము మొదలులాగే. మాలకొండయ్య దాన్ని అరచేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"శివరాత్రికి ఎగిరింది దీనిమీదనేనా?"

"దీనిమీదే," అంది సైదాబీ. "నాకు దీన్ని పరీక్ష చెయ్యాలని ఉంది. నువ్వు సరేనంటేనే."

"తీసుకోండి. దాని పని అయిపోయింది కదా."

ఆ తర్వాతి పది రోజులు వెంగమ్మకు భయం వదల్లేదు. మేకలకు మొలిచింది కానీ మనిషికి మొలుస్తుందని ఎవరికి తెలుసు? పొద్దున రాగానే, పని మొదలుపెట్టే ముందు, అతని కట్టు మీద అరచెయ్యి పెట్టి చూసేది. చల్లగా ఉండేది. సైదాబీ కూడా అదే గంటకు వచ్చి అదే చోట చెయ్యి పెట్టేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బయటికి పోయేవారు. పదకొండో రోజున వెంగమ్మ చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. తన చెయ్యే వేడిగా ఉందేమోనని చీర కొంగుకు తుడుచుకుని ఇంకోసారి పెట్టింది. తర్వాత వరండాలోకి వచ్చి నిలబడింది. సైదాబీ మెట్లెక్కుతూ ఆమె ముఖం చూసి అక్కడే ఆగింది.

"వెచ్చగా ఉండాది మేడం."

సైదాబీ మెట్టు మీద కూర్చుండిపోయింది. వెంగమ్మ కూడా ఆమె పక్కన కూర్చుంది. డాక్టరమ్మ పక్కన కూర్చోవడం ఆమెకదే మొదటిసారి. ఇద్దరిలో ఎవరికీ అది తట్టలేదు.

నాలుగు రోజుల్లో అయిదుగురి కాళ్ళూ వెచ్చబడ్డాయి. అప్పటినుంచి ఆ గది పెళ్ళివారి విడిదిలా తయారైంది. అయిదుగురికీ ఒకేసారి దురద. కంభం నుంచి వచ్చిన ముసలి దర్జీ ఒకాయన దురద తట్టుకోలేక పాత సినిమా కథలన్నీ మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాడు. మాలకొండయ్య అందరికీ తలో జత చెక్కలు తెప్పించి, పడుకునే తాళం వేయించేవాడు. పక్క దొడ్డిలో దుప్పులు మొదట బెదిరి, తర్వాత పట్టించుకోవడం మానేశాయి. ఇంటినుంచి ఎవరు ఏం వండుకొచ్చినా అయిదు పళ్ళేల్లోకి పోయేది.

నలభయ్యో రోజు ఎక్స్‌రేలో మాలకొండయ్య కొత్త ఎముకకు పక్కన జొన్నగింజంత బుడిపె కనిపించింది. దుప్పి కొమ్ముకు ఏటా కొత్త కొమ్మ వేస్తుందని వెంగమ్మ చెప్పగా అతను విని ఉన్నాడు.

"కొమ్మేస్తుందా మేడం?" అన్నాడు గంభీరంగా. "ప్యాంటు ఎట్టా తొడగాల?"

సైదాబీ నవ్వింది. జూన్ తర్వాత ఆమె నవ్వడం వెంగమ్మ చూడలేదు. బుడిపెను చిన్న ఆకురాయితో అరగదీస్తే సరిపోతుందని చెప్పి, చెబుతూ చెబుతూ మళ్ళీ నవ్వింది.

అరవై మూడో రోజు అతనికి పాత చెప్పులు తొడిగి నిలబెట్టారు. ఒక పక్క వెంగమ్మ, ఒక పక్క సైదాబీ. అతను ఇద్దరి చేతులూ వదిలి రెండడుగులు వేసి ఆగి, కిందికి చూసుకున్నాడు.

"ఏదో తేడాగా ఉండాది."

సైదాబీ కొలత టేపు తెచ్చి మోకాలి నుంచి మడమ దాకా రెండు కాళ్ళూ కొలిచింది. మళ్ళీ కొలిచింది. రెండూ సమానంగా ఉన్నాయి. మొదటిసారి ఇనప కడియాల మధ్య ఇరుక్కుని పెరిగిన ఎముక వేలి మందం తగ్గింది. ఈసారి అడ్డేమీ లేక కావలసినంత పెరిగింది.

"చెప్పులో అట్టముక్క తీసెయ్యి," అంది సైదాబీ. "అదే తేడా."

ఆమె ఆ సాయంత్రం తన నోట్సులో ఏం రాసుకుందో వెంగమ్మకు తెలియదు. పొరకు ఏడాది సంగతి మరిపించే దారి వెతకడానికి ఇంకో అయిదేళ్ళు పడుతుందని మాత్రం చెప్పింది. ఈసారి మేకల్లో రెండేళ్ళు చూసేదాకా ఎవరు గుమ్మంలో కూర్చున్నా ఒప్పుకోనని కూడా చెప్పింది. "కూర్చుంటే నేనే లేపి పంపిస్తా," అంది వెంగమ్మ.

ఇంటికి పోయే రోజున ఆటో వద్దన్నాడు మాలకొండయ్య. రోడ్డు దాకా నడిచి బస్సెక్కుదామన్నాడు. సంచి వెంగమ్మ పట్టుకోబోతే అదీ తనే తీసుకున్నాడు. పదకొండు గంటల గిద్దలూరు బస్సు వచ్చి ఆగింది. ముందు తలుపు దగ్గర టికెట్ల మిషన్ మెడలో వేసుకుని ఖాకీ చొక్కాలో సుగుణ నిలబడి ఉంది.

"ఎక్కండన్నా, ఎక్కు వదినా," అంది. కుడికాలు ప్యాంటులోంచి బూటు దాకా మామూలుగానే ఉంది. నడిచినప్పుడు మాత్రం చిన్నగా టిక్కుమంటోంది. "పోయిన నెలే డ్యూటీలో చేరినా. సాయంత్రానికి రాసుకుపోయి మంటగా ఉంటది, ఇంటికి పోగానే విప్పి గోడకు ఆనిస్తా. మా చిన్నోడు దానికి గుడ్ నైట్ చెప్తాడు. నీకెట్టా ఉంది?"

"మొలిచింది," అన్నాడు మాలకొండయ్య. "ఈసారి పొడుగ్గా కూడా వచ్చింది."

బస్సు నిండుగా ఉంది. కిటికీ మీద 'దివ్యాంగులకు' అని రాసిన సీటు ఒక్కటే ఖాళీ. సుగుణ దాని వైపు చెయ్యి చూపించింది.

"కూర్చో అన్నా."

"నువ్వు కూర్చోమ్మా. నీకే హక్కు ఎక్కువ."

"నేను కూర్చుంటే టికెట్లు ఎవరు కొడతారు? నీకు దివ్యాంగుల కాయితం ఉందిగా."

"ఉండాది. అక్టోబరులో వచ్చినప్పుడు కూర్చుంటా. అప్పుడు పండుకుంటా కూడా."

సుగుణ పడీ పడీ నవ్వింది. వాళ్ళిద్దరూ ఇంకా తేల్చుకోకముందే కూరగాయల గంప పెట్టుకుని ఎక్కిన ఒక ముసలామె ఆ సీట్లో కూలబడి, కాళ్ళు చాపుకుని, పొగాకు నమలడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ సీట్లలో ఎవరో జరిగి వెంగమ్మకు చోటిచ్చారు.

బస్సు కదిలింది. మలుపుల రోడ్డులో ఎడమకీ కుడికీ ఊగుతూ పోతోంది. మాలకొండయ్య పైకమ్మీ పట్టుకుని, సంచి భుజాన వేసుకుని, కొత్తకాలి మీదే బరువంతా మోపి నిలబడ్డాడు. ప్రతి మలుపు దగ్గరా ఆ పాదం నేలను పట్టుకుని నిలవడం వెంగమ్మ కాసేపు చూసింది. రెండు మలుపుల తర్వాత చూడడం మానేసి కిటికీ వైపు తిరిగింది. బయట కందిచేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. గాలి చల్లగా కొడుతోంది. ఆమెకు నిద్ర ముంచుకొచ్చింది. స్టాపు వచ్చినప్పుడు అతనే లేపాడు.